కర్త తెలియదు

తూర్పుపాలెం,
20 జనవరి 2025.

జెస్సీకి, మేనత్త ప్రేమమ్మ రాసేది.

నేను బాగున్నాను, నువ్వూ బాగుండాలి అని ముందుగా రాయాలి. రాశాననుకో. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటావేమో. నా ఫోన్ ఇంకా పోలీసుల దగ్గరే ఉంది. నవంబరులో పురుగుమందుల కొట్టు ముందు పాట పాడినందుకు నన్ను తీసుకెళ్లినప్పుడు, సాక్ష్యమని చెప్పి దాన్నీ తీసుకెళ్లారు. పదకొండు రోజులకు నాకు బెయిలు దొరికింది, దానికి దొరకలేదు. పక్కింటివాళ్లని అడిగితే ఫోన్ ఇస్తారు. కానీ ఈ సంగతి వీధంతా వినడం నాకిష్టం లేదు.

బెయిలు షరతు నీకు తెలుసో లేదో. ప్రతి ఆదివారం పదింటికీ ఒంటిగంటకీ మధ్య స్టేషనుకెళ్లి సంతకం పెట్టాలి. వారానికి ఏడు రోజులుంటే వాళ్లకి ఆదివారమే కనబడింది. మన పాలెం చర్చిలో ముప్పై ఏళ్లుగా మొదటి కీర్తన ఎత్తుకునేది నేనే కదా. ఇప్పుడు ఆ వేళకి స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని, రైటరు టీ తాగి ఎప్పుడొస్తాడా అని చూస్తుంటాను. నేరం చేసినవాళ్లని కూర్చోబెట్టే బల్ల అది. ఇంకా విచారణే కాలేదు.

ఇక అసలు సంగతి. మొన్న శుక్రవారం కాలవ అవతలి చేలో పదహారుమందిమి మిరపకాయ కోస్తున్నాం. రోడ్డు మీదికి మైకు కట్టిన ఆటో వచ్చింది. మందుల కంపెనీ ప్రచారం. మామూలే కదా అని ఎవరూ తలెత్తలేదు. ఉన్నట్టుండి ఆ మైకులోంచి నా గొంతు వచ్చింది.

ఎర్రనైతినమ్మలారో, నేను ఎర్రనైతిని...

పదిహేనుమందీ నా వైపు తిరిగారు. తర్వాతి వరస, ‘ఎవ్వరి నెత్తురు తాగి నేను ఎర్రనైతిని’ అని మిరపకాయ అడిగే చోట నా గొంతు తెగిపోయింది. ఎవరో పట్నం పిల్ల అక్కడ ఆ మందు పేరు పాడింది. ఆ మందు తాగి మిరపకాయ ఎర్రబడిందట. ఆ పేరు నా కలంతో రాయను. ఆ తర్వాత మళ్లీ నా గొంతు, వెనకాల వంతకి మాణిక్యమ్మ గొంతు.

మాణిక్యమ్మ నా పక్క సాల్లోనే ఉంది. ముందటేడు నవంబరులో, 2023లో, మూతికి గుడ్డయినా లేకుండా ఇదే కంపెనీ మందు కొడుతూ చేలో పడిపోయి మూడోరోజు చనిపోయిన వీరబాబు భార్య. ఆ పాట నేను కట్టింది వీరబాబు కోసం. తన మొగుణ్ణి చంపిన మందుని తన గొంతే పొగుడుతుంటే ఆమె వింది. గోనె పక్కన పెట్టి సాల్లో కూర్చుండిపోయింది. ఆటో ఊరు దాటాక లేచి నన్ను ఒక్కటే అడిగింది.

“అమ్మేశావా వదినా?”

లేదన్నాను. నమ్మలేదు. ఆమె జాగాలో ఉంటే నేనూ నమ్మను.

ఆ పాట పోయిన ఏడాది ఫిబ్రవరిలో కల్లం దగ్గర కూర్చుని ఫోన్లోకి ఎక్కించుకున్నది నువ్వొక్కదానివే. ఆ రోజు గాలికి పరదా టపటప కొట్టుకున్న చప్పుడు కూడా ఆ ఆటోలో వినబడింది. నువ్వు పనిచేసేది పాటలు రికార్డు చేసే స్టూడియోలో. రెండూ కలిపి చూసుకోమంటోంది నా మనసు. నేనే దాని నోరు మూస్తున్నాను. ఏం జరిగిందో నువ్వే రాయి.

నీ అత్త,
ప్రేమమ్మ.

మీ నాన్నకు ఇది చూపించకు. వాడికి బీపీ ఎక్కువ.


తాడేపల్లి,
29 జనవరి 2025.

అత్తయ్యకు, జెస్సీ వందనాలు.

హాస్టల్ వాచ్‌మన్ కవరు ఇస్తే ఏదో బ్యాంకు కాగితం అనుకున్నాను. నాకు ఎవరైనా ఉత్తరం రాయడం ఇదే మొదలు. నీ చేతిరాత ఇంత గుండ్రంగా ఉంటుందని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

అత్తయ్యా, ఆ రికార్డింగులో గాలి చప్పుడు తీసేద్దామని స్టూడియో కంప్యూటర్లో వేశాను. శుభ్రం చేసి నీకే పంపాలనుకున్నాను. మా ఓనరు విని, గొంతు బాగుందే అన్నారు. ఆ తర్వాత కంపెనీవాళ్లకు వినిపించడం, వాళ్లకు నచ్చడం జరిగాయి. ఏదో ఫారం నింపడం కూడా జరిగింది. అది మైకులో అలా వస్తుందని నాకు నిజంగా తెలియదు. నేను ఓనరుని అడిగాను. జానపదానికి సొంతదారు ఉండరమ్మా, అది జనం సొత్తు, ఎవరైనా వాడుకోవచ్చు అన్నారు. చట్టం కూడా అంతేనట.

ఇప్పుడు దీన్ని కొత్త గొడవ చేయకు. ఉన్న కేసు చాలు. సింగరాయకొండలో నాన్నను వాళ్ల స్కూలు కరస్పాండెంటు పిలిచి, మార్క్ మాస్టారూ, మీ అక్కగారి సంగతేమిటని అడిగారట. ఇరవై రెండేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్న మనిషిని నిలబెట్టి అడిగారు. ఆ రోజు నుంచి నాన్న సరిగా అన్నం తినడం లేదు. లాయరు కలీం గారు ఫీజు అడగకుండా నీ కేసు చూస్తున్నారు. ఆయనకీ ఇబ్బంది తేవద్దు.

పాట మంచిదైతే ఎవరి నోట్లోనైనా ఉంటుందని నువ్వే అనేదానివి కదా.

ఇక్కడ కృష్ణలో నీళ్లు బాగా ఉన్నాయి. ఆరోగ్యం జాగ్రత్త. కోసి వచ్చాక చేతులకు నూనె రాసుకో.

నీ జెస్సీ.


తూర్పుపాలెం,
6 ఫిబ్రవరి 2025.

జెస్సీకి,

వినిపించడం జరిగింది, నచ్చడం జరిగింది, నింపడం జరిగింది. వాన పడటం జరుగుతుంది. చెట్టు కూలడం జరుగుతుంది. ఫారం ఎవరో ఒకరు నింపుతారు. ఎవరు నింపారు?

జానపదానికి సొంతదారు ఉండరా? ఎవరూ కట్టకుండానే పాట పుడుతుందని మీ ఓనరు అనుకుంటున్నాడా? మా అమ్మ నాట్లలో పాడిన పాటలు ఎవరు కట్టారో నాకు తెలియదు, నిజమే. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. వాళ్ల పేర్లు రాసిపెట్టేవాళ్లు అప్పుడు లేరు. ఇప్పుడు నేను బతికే ఉన్నాను. నాకు రేషను కార్డుంది, ఆధారు కార్డుంది, ఏడో తరగతి దాకా చదివిన సర్టిఫికెట్టుంది.

ఈ పాట ఎలా కట్టానో చెబుతాను, విను. వీరబాబుని సమాధి చేసి వచ్చిన రోజున మొదటి వరస వచ్చింది. నల్ల తామర పురుగు పూతనంతా తినేస్తుంటే, ఆసామి రోజు విడిచి రోజు మందు కొట్టించాడు. వీరబాబు చొక్కా తీసి ముక్కుకి కట్టుకుంటే ఒళ్లు మండేది, ఒళ్లు కప్పుకుంటే ఊపిరాడేది కాదు. ఇది మాణిక్యమ్మ చెప్పింది. దాన్ని పాటలోకి ఎలా తేవాలో నెలరోజులు తెలియలేదు. మనిషి చేత చెప్పిస్తే ఏడుపవుతోంది. మిరపకాయ చేత అడిగిస్తే బాగుంటుందని క్రిస్మస్ ముందు తోచింది. తనెందుకు ఎర్రబడిందో తనకే తెలియక అడుగుతుంది చూడు, అక్కడ పాట నిలబడింది. ‘నెత్తురు’ అన్న మాటొక్కటీ తీసేస్తే ఇంకేమీ మిగలదు. వాళ్లు తీసింది సరిగ్గా ఆ మాటే. పాట తెలియనివాళ్లు చేసిన పని కాదిది.

పాట ఎవరి నోట్లోనైనా ఉండొచ్చు అన్నాను. ఉండనీ. నా పాట పాడిన ప్రతివాళ్లూ నాకు చుట్టాలే. పాటని నోట్లో పెట్టుకోవడం వేరు, దాని నోట్లో గుడ్డలు కుక్కడం వేరు.

మాణిక్యమ్మ నాతో మాట్లాడటం మానేసింది. సోమవారం నుంచి ఆమె వేరే ముఠాతో కోతకు పోతోంది. ఆమె వెనక ఇంకో నలుగురు పోయారు. జైలుకు పోయినప్పుడు కూడా నన్ను ఎవరూ వదల్లేదు.

తాడేపల్లి నుంచి మనూరికి రెండు గంటలు. నువ్వు రాలేదు, ఉత్తరం పంపావు. ఆ ఫారం నకలు పంపు.

ప్రేమమ్మ.


తాడేపల్లి,
24 ఫిబ్రవరి 2025.

అత్తయ్యకు,

ఫారం జిరాక్సు ఈ కవర్లో పెట్టాను. చేతిరాత చూస్తే నీకే తెలుస్తుంది. నింపింది నేనే.

రచయిత పేరు అన్న గడిలో ‘జానపదం. కర్త తెలియదు’ అని రాశాను. నీ పేరు నాకు తెలియక కాదు. తేదీ చూడు. అప్పటికి నువ్వు లోపలికి వెళ్లి మూడు రోజులు. నాన్న ఫోన్ చేసి, ఆ పాటకి అక్క పేరు ఎక్కడున్నా తీసెయ్, నీ పేరు అసలే రానీయకు అని ఏడ్చారు. అదే రోజు ఓనరు ఆ ఫారం నా ముందు పెట్టారు. ఏదో ప్రకటనకి చిన్న ముక్క వాడుకుంటారట అన్నారు. ఎవరి పాటా కాదంటే ఎవర్నీ జైల్లో పెట్టలేరు కదా అనుకున్నాను. నిన్ను దాచానని అనుకున్నాను అత్తయ్యా. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత పిచ్చిగా ఉందో తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఏ మందు ప్రకటనో అడగాల్సింది. అడగలేదు. అందుకే ఊరికి రాలేకపోయాను.

ఇంకో రెండు కాగితాలు కూడా పెట్టాను. కేసులో చార్జిషీటు వచ్చింది, ఒకటి దాని మొదటి పేజీ. అందులో నిన్ను ఒకటో ముద్దాయిగా చూపించి, ‘సదరు రెచ్చగొట్టే పాట రచయిత మరియు గాయని’ అని రాశారు. రెండో కాగితంలో, అది పూర్వం నుంచి ఉన్న పాట, నేను కట్టింది కాదు, పదిమందితో కలిసి పాడానంతే అని ఉంది. నువ్వు సంతకం పెడితే రెచ్చగొట్టావన్న మాట నిలవదట. రోడ్డుకి అడ్డంగా కూర్చున్నదొక్కటే మిగులుతుంది. అది చిన్నదట. దయచేసి పెట్టు. నాన్న కూడా అదే అంటున్నారు.

నన్ను ఎంతైనా తిట్టు. సంతకం మాత్రం పెట్టు.

జెస్సీ.


తూర్పుపాలెం,
3 మార్చి 2025.

మార్క్ కూతురికి,

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సరుకు అమ్ముకునే కాగితంలో ఈ పాటకి కర్త తెలియదు. కేసు పెట్టే కాగితంలో కర్త తెలుసు, ఇంటిపేరుతో సహా తెలుసు, వయసు యాభై మూడు, కులం కాలమ్ కూడా నింపారు. లాభం వచ్చే చోట నేను లేను. శిక్ష పడే చోట నేనే ఒకటో నంబరు. ఎంత పొందికగా కుదిరిందో చూశావా?

ఇప్పుడు మూడో కాగితం పంపి, పాట నాది కాదని నా చేతే రాయమంటున్నావు. అది మీ ఓనరుకి పనికొస్తుంది, ఆ కంపెనీకి పనికొస్తుంది. నేను సంతకం పెట్టిన రోజు నుంచి వాళ్లని అడిగేవాళ్లుండరు. ఈ కాగితం ఎవరు రాయించారో నాకు చెప్పనక్కర్లేదు. నీకు అక్కడ జీతం పెంచారో కుర్చీ పెంచారో కూడా చెప్పనక్కర్లేదు.

నిన్ను చంకనేసుకుని చేలగట్ల మీద తిప్పినప్పుడు నువ్వు మాటలకంటే ముందు రాగం పట్టుకున్నావు. అది చూసి నేను ఊరంతా చెప్పుకున్నాను.

కాగితం చింపలేదు. సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. ఇక రాయకు.

గాలి ప్రేమమ్మ.


తాడేపల్లి,
17 మార్చి 2025.

అత్తయ్యకు,

రాయకన్నావు. ఒక్కసారి రాసి ఊరుకుంటాను.

ఆ కాగితం కంపెనీ రాయించింది కాదు. కలీం గారు తన చేత్తో రాశారు. నీ వయసు, నీ ఆరోగ్యం చూసి, తొందరగా బయటపడే దారి చూపాలనుకున్నారు. ఫారం సంగతి నేను ఆయనకి అప్పటికి చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. నువ్వు కాగితం తిప్పి పంపాక గుంటూరు వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముందే తెలిస్తే ఆ సంతకం అడిగేవాణ్ణి కాదమ్మా అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. పాట నీదని రుజువు కావాలంటే వేరే ఎక్కడా వెతకక్కర్లేదు, చార్జిషీటే రుజువు. పోలీసులే విచారించి, సాక్షుల్ని అడిగి, రచయిత ఈమేనని సంతకం పెట్టి ఇచ్చారు. దాన్ని జతచేసి కంపెనీకి నోటీసు పంపొచ్చు. కానీ ఒకచోట నాదని, ఇంకోచోట నాది కాదని చెప్పడం కుదరదు. కంపెనీని ఆపాలంటే కోర్టులో కూడా పాట నాదేనని నిలబడాలి. అప్పుడు పెద్ద కేసు అలాగే ఉంటుంది. ఎన్నేళ్లు తిరగాలో ఆయనే చెప్పలేనన్నారు. శిక్ష పడదని కూడా చెప్పలేనన్నారు.

ఇంకొకటి. చార్జిషీటులో నీ పాటని వాళ్లు టైపు చేసిన తీరు ఆయన నాకు చూపించారు. ‘ఎవ్వరి నెత్తురైనా తాగి ఎర్రనౌతాము’ అని ఉంది. మిరపకాయ అడిగిన ప్రశ్నని మనుషులు బెదిరించినట్టు మార్చేశారు. విని రాసినవాడికి సరిగా వినబడలేదో, కావాలనే అలా విన్నాడో తెలియదు.

నేను ఉద్యోగం మానేశాను. ఓనరు నవ్వి, నీలాంటివాళ్లకి ఈ ఫీల్డు పడదు అన్నారు. ఒంగోలులో పెళ్లి వీడియోలకు సౌండు కలిపే పని దొరికింది, వచ్చే వారం వెళుతున్నాను. జీతం పెరిగిందేమోనన్నావు కదా, అందుకని చెబుతున్నాను. కోపంతో కాదు. కాస్త కోపంతోనే.

ఏం చేయాలన్నది నీ ఇష్టం. ఈసారి నీ బదులు నేను ఏ గడీ నింపను.

జెస్సీ.


తూర్పుపాలెం,
22 ఏప్రిల్ 2025.

జెస్సమ్మకు, అత్త రాసేది.

నెలరోజులు నీకు జవాబు రాయలేదు. తప్పు నాదని తెలిశాక రాయడం ఇంకా కష్టమైంది.

ఈస్టరు రోజు కూడా నన్ను స్టేషనుకి రమ్మన్నారు. తెల్లారి సమాధుల దగ్గర ఆరాధన అయ్యీ కాకముందే బస్సెక్కాను. ఆ రోజు రైటరు పదకొండున్నరకి గానీ రాలేదు. పండగ కదా అండీ, నాకు కాదా అని అడిగాను. రాసుకునే పుస్తకం నా వైపు తోశాడంతే. ఇంటికొచ్చేసరికి నా గుమ్మం మీద మాణిక్యమ్మ కూర్చుని ఉంది. మూడు నెలల తర్వాత.

నువ్వొచ్చి వెళ్లావని ఆమె చెప్పింది. నా ఇంటికి తాళం ఉంటే తిన్నగా ఆమె ఇంటికి వెళ్లావట. ఆ ఫారం చూపించి, ‘పిన్నీ, దీన్ని రాసింది నేను, అత్తకి తెలియదు’ అన్నావట. ఆమెకి చదువు రాదు కాబట్టి చదివి కూడా వినిపించావట. నువ్వు ఏడిస్తే లేపి కొట్టేదాన్ని, ఏడవలేదు కాబట్టి కూర్చోబెట్టాను అంది మాణిక్యమ్మ. అన్నం పెడితే తినకుండా వెళ్లావట. అది మాత్రం ఆమెకి నచ్చలేదు.

నేను కంపెనీ రాయించిందనుకున్న కాగితం కలీం గారిదని నువ్వు రాసినా నమ్మలేదు. ఆయన్ని అడిగాక నమ్మాను. నువ్వు చెప్పినప్పుడు నమ్మనిది, లాయరు చెబితే నమ్మాను. అందుకు నేనే నిన్ను క్షమాపణ అడగాలి. అడుగుతున్నాను.

ఫారంలో రాసినదాన్ని మాత్రం ఇంకా క్షమించలేకపోతున్నాను. అబద్ధమాడను. నన్ను దాచావన్నావు. మీ నాన్నా నన్ను దాచాలనే చూస్తున్నాడు. మమ్మల్ని ప్రేమించేవాళ్లు దాచేస్తారు, గిట్టనివాళ్లు తుడిచేస్తారు. చివరికి రెండూ ఒకచోటికే వస్తున్నాయి. ఇది ఆలోచించు.

కలీం గారి దగ్గర చార్జిషీటులో నా పాట చదివాను. ఆ పూట అన్నం సహించలేదు. కంపెనీవాడు ఒక మాట విరిచాడు, స్టేషనువాడు ఇంకో మాట విరిచాడు. ఒకడికి పాటలో నెత్తురు అక్కర్లేదు, ఇంకొకడికి నెత్తురు తప్ప ఏమీ అక్కర్లేదు. ఇద్దరికీ పనికిరానిది మాణిక్యమ్మ మొగుడు చచ్చిపోయిన సంగతొక్కటే. మందు డబ్బా మీద ఎర్ర త్రిభుజం బొమ్మ ఉంటుంది, ప్రమాదం అని. చదవడం రాని మనిషి చేతికి అది ఇచ్చి, గ్లౌజులు ఇవ్వకుండా, బొమ్మ వేశాం కదా అంటారు. వీరబాబు చావు మీద కేసు లేదు. ఆ చావు మీద కట్టిన పాటకి కేసు ఉంది.

పాట నాదే. కలీం గారికి అదే చెప్పాను, నోటీసు పంపమన్నాను. ఎన్నేళ్లయినా తిరుగుతాను. నాకు నడక అలవాటే.

ఈసారి వస్తే అన్నం తిని వెళ్లు.

నీ అత్త,
ప్రేమమ్మ.


ఒంగోలు,
9 జూన్ 2025.

అత్తయ్యకు, జెస్సీ వందనాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దాచడం, తుడవడం ఒకచోటికే వస్తాయన్న ముక్క దగ్గర ఆగిపోతున్నాను.

కంపెనీ జవాబు వచ్చింది. అసలు మూడు జవాబులు వచ్చాయి, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. మొదటిదాంట్లో, సదరు మహిళే రచయిత అనడానికి ఆధారమేమిటని అడిగారు. కలీం గారు చార్జిషీటు మొదటి పేజీ పంపారు. రెండోదాంట్లో, ఆమె క్రిమినల్ కేసులో ముద్దాయి కాబట్టి ఆమె మాటకి విలువ లేదన్నారు. ఆయన ఒక్క వాక్యం రాసి పంపారు. ఆమె ముద్దాయి అయిందే ఈ పాట రాసినందుకు అని. నాకు ఆ వాక్యం ఫ్రేము కట్టించుకోవాలనిపించింది.

మూడోది మర్యాదగా వచ్చింది. ఆవిడ పేరు ప్రకటన చివర పెద్ద అక్షరాలతో వేస్తామని, మా వేదిక మీద సన్మానం చేస్తామని, ప్రకటన మాత్రం కొనసాగనివ్వమని. అంటే ఆ మందు మీద నీ పేరు. కలీం గారు నాకు ఫోన్ చేసి, మీ అత్తని అడిగి చెప్పమ్మా అన్నారు. ఆదివారం ఊరికి వచ్చేదాకా ఆగి నిన్ను అడగాల్సింది. నీ బదులు ఏ గడీ నింపనని మాటిచ్చాను కూడా. కానీ అక్కడే, ఫోన్లోనే, వద్దని చెప్పేశాను. నీ పేరు లేకుండా చేసినప్పుడు అడగలేదు, ఇప్పుడు నీ పేరు వద్దన్నప్పుడూ అడగలేదు. తప్పయితే తిట్టు.

పోయిన వారం నుంచి ప్రకటన ఆగిపోయింది. టీవీలో లేదు, ఆటోల్లో లేదు. సాంకేతిక కారణాల వల్ల ఉపసంహరించుకున్నామని రాశారు. పొరపాటు అన్న మాట లేదు. మాణిక్యమ్మ పిన్ని పేరు ఎక్కడా లేదు. అన్ని ఊళ్లలో ఆమె గొంతు వినిపించి, ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. నాకు గెలిచినట్టు అనిపించడం లేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆగస్టు వాయిదాకి నాన్న వస్తున్నారు. నీకు తోడు రావడానికి అనుకోకు. కోర్టు లోపలికి వెళ్లే ముందు చివరిసారి నిన్ను బతిమాలడానికి. పాట నాది కాదను అక్కా, నీకు దండం పెడతాను అని ఇంట్లో రిహార్సల్ లాగా అనుకుంటున్నారని అమ్మ చెప్పింది. ఆయన మీద కోప్పడకు. నాకు ఆ రోజు సెలవు దొరకదు. ఏం జరిగిందో మొత్తం రాయి, ఒక్క ముక్క వదలకుండా.

నీ జెస్సీ.


తూర్పుపాలెం,
8 ఆగస్టు 2025.

జెస్సమ్మకు,

ఫోన్లో వద్దనడం గురించి ముందు రాస్తాను. తిట్టను. నేనైనా అదే చెప్పేదాన్ని. కానీ ఈసారి అడుగు. నాకు వద్దు అనడం అంటే ఇష్టం, ఆ ముక్క నా నోటితో అననివ్వు.

నిన్న వాయిదా జరిగింది. పొద్దున్నే మాణిక్యమ్మ, నేను బస్సు దిగేసరికి కోర్టు గేటు దగ్గర మీ నాన్న నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అచ్చం బడికి వచ్చినట్టే. చిక్కిపోయాడు. నన్ను పక్కకి తీసుకెళ్లి నువ్వు చెప్పినట్టే అన్నాడు. దండం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను. ఒరేయ్, నాది కాదంటే నీ ఉద్యోగం నిలుస్తుందేమో గానీ, వీరబాబు సంగతి మళ్లీ ఎవరు అడుగుతారు అన్నాను. నీకు ఏమన్నా అయితే నన్ను ఎవరు అడుగుతారక్కా అన్నాడు. అంతలో లోపలి నుంచి పిలిచారు.

మేజిస్ట్రేటు గారు చిన్నావిడే. నీ వయసుకి పదేళ్లు కలిపితే అంతే ఉంటుంది. నా మీద ఉన్న నేరాలు చదివించి, ఒప్పుకుంటారా అని అడిగారు. కలీం గారు నాకు రెండు ముక్కలు నేర్పించారు. నేను ఆ రెండే చెప్పాను.

“నేరం చేయలేదండి. పాట మాత్రం నాదేనండి.”

ఆవిడ తలెత్తి చూశారు. కలీం గారు లేచి, నా క్లయింటు పాట ఇది కాదండి, ఇది పోలీసువారు కట్టిన పాట అని చార్జిషీటులో వరస చదివారు. అసలు పాట ఇందులో ఎక్కడా లేదు, లేని పాటతో రెచ్చగొట్టారంటే ఎలా అన్నారు. సర్కారు వకీలు లేచి, అసలు పాట ఏదో ఎలా తెలుస్తుందన్నారు. ఆవిడ నన్నే చెప్పమన్నారు. పాడకుండా చెప్పడం నాకు రాదండి అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మెల్లగా పాడండి అన్నారు.

పాడాను జెస్సీ. బోనులో కమ్మీ పట్టుకుని, కీర్తన కంటే మెల్లగా పాడాను. రెండో వరసకి వెనక బెంచీలోంచి మాణిక్యమ్మ వంత అందుకుంది. బంట్రోతు ఆమె దగ్గరికి వెళ్లాడు గానీ, ఏమనుకున్నాడో, పక్కనే నిలబడ్డాడు.

ఎర్రనైతినమ్మలారో, నేను ఎర్రనైతిని
ఎవ్వరి నెత్తురు తాగి నేను ఎర్రనైతిని
పచ్చని కొమ్మన పుట్టినదాన్ని, పాపమెరగనిదాన్ని
మూతికి గుడ్డా లేనోడెవ్వడు మునిగెను నా సాల్లోన
అడిగినవారే దొంగలటమ్మా, అడుగకపోతే ఎట్లా...

ఆవిడ దాన్ని రికార్డు చేసుకోమన్నారు. టైపు చేసేవాడు తడబడ్డాడు. పాత తప్పే మళ్లీ కొట్టాడు, ‘నెత్తురైనా’ అని. కాదయ్యా అన్నాను. మళ్లీ కొట్టాడు, ఇంకో తప్పు వచ్చింది. నాకు కోపం ఆగలేదు. తొమ్మిది నెలలుగా ఈ ఒక్క వరసని ఎవరూ సరిగా రాయరేమండీ అని గట్టిగానే అన్నాను. కలీం గారు కంగారుపడ్డారు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. నేను రాసిస్తానండి అని. మీ నాన్న నిలబడి ఉన్నాడు. మీరెవరని ఆవిడ అడిగారు.

“మార్క్ అండి. తెలుగు మాస్టర్ని. ఆవిడ తమ్ముణ్ణి.”

స్కూలు పేరు కూడా అడిగారు. చెప్పాడు. అదీ రికార్డులోకి ఎక్కింది. వాడు ఇన్ని నెలలుగా భయపడింది దానికే కదా.

బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. నల్లబల్ల మీద పిల్లలకి రాసినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా. నేను ఒక్కో వరసా చెబుతున్నాను. మూడో వరస నేను చెప్పక ముందే రాసేశాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. అయిపోయాక కింద ‘కర్త’ అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి ఆగాడు. సాయం చేద్దామని నా పేరు చెప్పబోయాను. వద్దన్నట్టు తల ఊపాడు. గాలి ప్రేమమ్మ, తూర్పుపాలెం అని రాశాడు. దాని కింద, వంత: మాణిక్యమ్మ అని ఎవరూ అడక్కుండానే రాశాడు. ఆ కింద తన సంతకం పెట్టాడు.

మేజిస్ట్రేటు గారు ఆ కాగితం తీసుకుని పైకి చదవలేదు. రెండుసార్లు లోపలే చదువుకున్నారు. రెచ్చగొట్టిన నేరం ఈ పాటతో కనబడటం లేదని, దాన్ని తీసేస్తున్నానని చెప్పారు. రోడ్డుకి అడ్డంగా కూర్చున్న కేసు మాత్రం ఉంటుంది. దానికి అక్టోబరులో వాయిదా. నా ఫోను ఇవ్వమని కలీం గారు అడిగితే, కేసు ముగిసేదాకా సాక్ష్యమే అన్నారు సర్కారు వకీలు. ఆదివారం సంతకం శనివారానికి మార్చమని కూడా కలీం గారు అడిగారు. దానికి మాత్రం ఆవిడ ఒప్పుకున్నారు. పెద్ద న్యాయం ఏమీ కాదు. వీరబాబు చావు గురించి నిన్న కూడా ఎవరూ అడగలేదు. దాని మీద ఫిర్యాదు ఎలా రాయాలో మాణిక్యమ్మ కలీం గారిని బయటికి వచ్చాక తనే అడిగింది. ఆమె అడుగుతుంటే నేను నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను.

మీ నాన్న మాతో పాటు బస్టాండుదాకా నడిచాడు. సింగరాయకొండ బస్సు వచ్చాక మెట్టు మీద నిలబడి, అక్కా, మూడో వరసలో ‘పాపమెరుగని’ కాదు, ‘పాపమెరగని’ అనాలి, ఊళ్లో అలాగే పలుకుతారు, నేను పుస్తకాల భాషలో రాశాను, తప్పయిపోయింది అన్నాడు. ఇప్పుడు చెబుతావేంట్రా అన్నాను. బస్సు కదిలింది.

నీ అత్త,
ప్రేమమ్మ.